ఏడు తలల పాముకే గిరాకీ

లోకంలోని సముద్ర సర్పాలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది: కథ నోరు మారేకొద్దీ వాటి పొడవు పెరుగుతుంది. నార్స్ పురాణాల్లోని యోర్మున్‌గాండ్ భూమండలాన్ని చుట్టి తన తోకను తానే కరచుకొని ఉంటాడు; హీబ్రూ గ్రంథాల లెవియాథాన్‌ను దేవుడు తప్ప మరొకరు లొంగదీయలేరు; వాసుకి మందరగిరికి కవ్వపుతాడయ్యాడు. ఇవి పురాణాలుగా ఉన్నంతవరకు ఎవరికీ పేచీ లేదు. నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఆదిశేషునిపై పవళించడానికి ఏ ప్రయోగశాల ధ్రువపత్రమూ అక్కర్లేదు. పేచీ అల్లా, పురాణం కింద శాస్త్రం చేత సంతకం పెట్టించాలని తహతహలాడేవారితోనే.

ఈ తహతహ పాశ్చాత్యులకూ ఉండేది. 1817లో అమెరికాలోని గ్లౌస్టర్ రేవులో మహాసర్పం కనిపించిందన్న సాక్ష్యాలను న్యూ ఇంగ్లండ్ లిన్నేయన్ సొసైటీ అనే ప్రకృతిశాస్త్ర సంఘం సేకరించింది. ఆపైన దగ్గర్లోనే నేల మీద దొరికిన, వెన్ను గడ్డలు కట్టిన మూడడుగుల పామును దాని పిల్లగా నిర్ణయించి, లాటిన్‌లో బారసాల కూడా జరిపింది. అది వెన్ను వంకరపోయిన మామూలు నేల పామేనని తరవాత తేలింది. 1845లో ఆల్బర్ట్ కోచ్ అనే ప్రదర్శనకారుడు ప్రాచీన తిమింగలాల శిలాజ ఎముకలను కలిపి 114 అడుగుల సర్పాన్ని తయారుచేసి, న్యూయార్క్‌లో టికెట్టు పెట్టి చూపించాడు. ఈనాటి యూట్యూబ్ పౌరాణికులు ఆయన శిష్యపరంపరే. కాకపోతే వీరికి ఎముకలు మోసే శ్రమ కూడా లేదు.

కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 వెన్నుపూసల ఆధారంగా, ఐఐటీ రూర్కీ పరిశోధకులు 2024లో ఒక కొత్త జాతి శిలాజ సర్పాన్ని వర్ణించి, దానికి 'వాసుకి ఇండికస్' అని పేరు పెట్టారు. దాని పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండవచ్చని, అది సుమారు 4.7 కోట్ల ఏళ్ల నాటిదని, చిత్తడి నేలల్లో మెల్లగా తిరిగే జీవి అని వారు అంచనా వేశారు. పేరు కనబడగానే 'క్షీరసాగర మథనం నిరూపితం' అన్న శీర్షికలు సిద్ధమయ్యాయి. మనుషులు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే పోయిన జీవిని చూసి కథ అల్లినవారెవరో ఈ పండితులు చెప్పరు. పాలసముద్రంలో ఉండవలసిన పాము బురదలో ఎందుకుందని అడగరు. వెన్నుపూసల మీద మందరగిరి రాపిడి గుర్తులను వెతకాలని కూడా వారికి తోచకపోవడం వింత.

తరవాతి వంతు ఓర్‌ఫిష్‌ది. లోతు నీళ్లలో బతికే, వెండిరంగు పట్టీలా పొడవుగా సాగిన చేప ఇది. జపాన్ జానపదులు దీన్ని సముద్రదేవుని కోట నుంచి వచ్చిన దూతగా, భూకంప సూచనగా భావించారు. 2025లో తమిళనాడు మత్స్యకారులకు ఒకటి చిక్కగానే 'ప్రళయ చేప' వచ్చేసిందని వార్తలు గుప్పుమన్నాయి. ఇలాంటి లోతు చేపలు కనిపించిన 336 సందర్భాలను 221 భూకంపాలతో పోల్చి చూసిన జపాన్ పరిశోధకులకు పొంతన కుదిరింది ఒక్కచోటే, ఆ ఫలితం 2019లోనే ప్రచురితమైంది. అయినా 2004 డిసెంబరు 26 సునామీని చవిచూసిన నెల్లూరు తీరవాసులను చేప పేరుతో భయపెట్టడం తేలిక. నిజమైన హెచ్చరిక 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం ఇస్తోంది. అలల మట్టాన్ని, సముద్రగర్భ పీడనాన్ని కొలిచే ఆ పరికరాలకు తలలూ పడగలూ లేవు గనక వాటిని చూసేవారు తక్కువ.

ఇంతకీ మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా వలల్లో నిజంగానే సముద్రపు పాములు పడుతుంటాయి. చాలావరకు మీటరు, మీటరున్నర పొడవు. తెడ్డులా చదునైన తోక. గాలి పీల్చడానికి పైకి తేలక తప్పదు. ఈ కోరమాండల్ తీరపు పాములను పాట్రిక్ రసెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1796లోనే బొమ్మలతో సహా అచ్చు వేయించాడు. వల విదిలించే చేతికి కాటు పడితే మొదట నొప్పి, వాపు అంతగా తెలియవు. కొన్ని గంటల్లో కండరాలు పట్టేసి, మూత్రం నల్లబడి, ఊపిరి అందని స్థితి వస్తుంది. అంత విషమున్నా దీనికి ఒకటే తల కావడం వల్ల ఏ చానెలూ పట్టించుకోదు. దేశంలోని ఆసుపత్రుల్లో ఇచ్చే పాము విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషంతో తయారవుతుంది. సముద్రపు పాము కాటుకు అది పనిచేయదు.