వినతిపత్రం వర్ధిల్లాలి

మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం కురుస్తోందా? దాన్ని బాగుచేయించడానికి సంఘం పెట్టారా? సంతోషం. అయితే రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే చేయాల్సిన పని ఒకటుంది. కార్యవర్గ సభ్యులందరి ఇంటిపన్ను కాగితాలూ పోగుచేసి, బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి అధ్యక్షుల వారి దగ్గర ఉంచండి. ఆయన ఎలాగూ ఏ కాగితమూ చదవరు.

కారణం చెబుతాను. ఆ పన్ను లెక్కలో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్దు అది: ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు. మూడు వేల పన్ను కట్టే ఇంటికి 240 రూపాయలు. వసూలు చేసేది మున్సిపాలిటీయే అయినా సొమ్ము దానిది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సగటున రెండేసి వేలు కట్టే ఇళ్లు పదివేలున్న ఊరనుకోండి, ఏడాదికి 16 లక్షలు. ఈ లెక్క ఎవరి బుర్రలోనైనా పడిందా, ‘అయ్యా, దయచేసి’ అన్న మాట మళ్లీ అతని నోట రాదు. ‘మేం కట్టింది ఎక్కడుంది?’ అంటాడు. అలాంటి సభ్యుడు ఒక్కడున్నా సంఘానికి చేటే. స్థానిక సంస్థలు ఈ సెస్సు బకాయిపడటం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత కథే కనుక, అతని ప్రశ్నకు నిజంగానే జవాబు దొరికే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి వినతిపత్రమే ఉత్తమం. అందులో అంకెలు వద్దు. ‘శిథిలావస్థ’ మూడుసార్లు, ‘విజ్ఞాన భాండాగారం’ రెండుసార్లు పడితే చాలు. ప్రధానమంత్రి నుంచి మొదలుపెట్టి అందరికీ నకళ్లు పంపండి, ఇద్దరికి తప్ప: మున్సిపల్ కమిషనర్, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి. వాళ్ల చేతిలో పడితే పని జరిగినా జరగొచ్చు. స్వయంగా ఇచ్చి తీరాలంటే తెలంగాణలో సోమవారం ప్రజావాణి ఉంది. ఆంధ్రలో కార్యక్రమం పేరు ప్రభుత్వంతోపాటు మారుతుంది గానీ సోమవారం మాత్రం మారదు. శాలువా మరిచిపోకండి. కాగితం ఇచ్చేటప్పుడు అధికారి వైపు కాకుండా కెమెరా వైపు చూడండి. ముట్టినట్టు రసీదు అడగడం అమర్యాద. ‘మీ అర్జీని సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఫోన్లో సందేశం వచ్చిన రోజున స్వీట్లు పంచండి.

ఎవరో కుర్రాడు సమాచార హక్కు చట్టం అంటాడు. వద్దనకండి, ఉద్యమంలో కుర్రాళ్లు కావాలి. కాకపోతే దరఖాస్తు మీరే రాయండి. ‘గ్రంథాలయాన్ని ఎందుకు పట్టించుకోవడం లేదు? ఇది న్యాయమా?’ అని అడగండి. ఆ చట్టం కింద ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డే గానీ సంజాయిషీ కాదు కనుక, అధికారి ఒక్క వాక్యంతో తిప్పి పంపుతాడు. ‘గత అయిదేళ్లలో ఏ ఏడాది ఎంత సెస్సు వసూలైంది, ఎంత జమచేశారు, చలానాల నకళ్లు ఇవ్వండి’ అని మాత్రం పొరపాటున కూడా రాయొద్దు. పది రూపాయల ఖర్చుతో ఊరంతా నిద్ర లేస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చని చట్టం అంటుంది. మీరు టీ కొట్టుకు వెళ్లండి. వ్యవస్థ కుళ్లిపోయిందన్న తీర్మానం అక్కడ ఏకగ్రీవంగా నెగ్గుతుంది.

పన్నుల విషయంలో సంఘం వైఖరి స్పష్టంగా ఉండాలి: పన్నులన్నీ తగ్గించాలి, సౌకర్యాలన్నీ పెంచాలి. రెండు డిమాండ్లకూ ఒకటే షామియానా సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టినప్పుడు ఊరూరా ధర్నాలు జరిగాయి. ఎవరిమీద ఎంత భారం పడుతుంది, మురికివాడలో రేకుల ఇంటికీ మెయిన్ రోడ్డు మీద కాంప్లెక్సుకూ తేడా ఎంత అని అడిగిన సంఘాలు మీకు ఆదర్శం కాకూడదు. అలా తరచి చూస్తే, రికార్డులో ఇప్పటికీ పెంకుటిల్లుగానే నిలిచి ఉన్న అధ్యక్షుల వారి మూడంతస్తుల మేడ బయటపడుతుంది. ఆ మేడ ఎగ్గొట్టే ప్రతి రూపాయితోనూ గ్రంథాలయానికి 8 పైసలు పోతున్నాయని ఎవరైనా లెక్కగడితే మహాసభ రసాభాస అవుతుంది. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం వచ్చాక ఇంటి కొలతలు యజమానే ధ్రువీకరించుకోవాలి, కనుక అక్కడి అధ్యక్షులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గ్రంథాలయానికి రోజూ వచ్చేవాళ్లను సంఘంలోకి రానివ్వకండి. ఉద్యమం స్థాయి పడిపోతుంది. డీఎస్సీకి చదివే అమ్మాయి, గ్రూప్స్ కుర్రాడు టిఫిన్ బాక్సు తెచ్చుకుని పొద్దుటి నుంచి అక్కడే కూర్చుంటారు. హైదరాబాద్ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో చూడండి, లోపల చోటు చాలనివాళ్లు ఆవరణలో చెట్ల కిందే చదువుకుంటారు. వీళ్లను ‘ఏం కావాలి?’ అని అడిగితే జవాబులు నిరుత్సాహంగా ఉంటాయి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కావాలంటారు. తాగే నీళ్లు, తిరిగే ఫ్యాను, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచే మనిషి. పేపరు కోసం వచ్చే రిటైర్డు మాస్టారు కుర్చీకి వీపు ఆనే చెక్క కావాలంటారు. ఒక్కటైనా ఫ్లెక్సీ మీద వేయదగ్గది ఉందా? మరుగుదొడ్డికి ప్రారంభోత్సవం చేయడానికి ఏ మంత్రి వస్తాడు? మీరు ‘డిజిటల్ విజ్ఞాన కేంద్రం’ అడగండి. దానికి ఆర్చి ఉంటుంది.

ఏ కంపెనీయో సామాజిక బాధ్యత నిధులతో గది కట్టిస్తానంటే ఎగిరి గంతేయండి. రెండో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారు, లైబ్రేరియన్ జీతం ఏ పద్దులోంచి వస్తుంది వంటి ప్రశ్నలు దాతల మనసు నొప్పిస్తాయి.

ఉద్యమానికి ముహూర్తం నవంబర్ 14. ఆ వారమంతా గ్రంథాలయ వారోత్సవాలు. మున్సిపాలిటీ బడ్జెట్ తయారయ్యే జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం అటు వెళ్లకండి, పెళ్లిళ్లుంటాయి. కౌన్సిల్ ఆమోదించాక ఏప్రిల్‌లో వెళ్లి కేటాయింపులు సున్నా అని ఖండించవచ్చు.

వారోత్సవాల్లో గ్రంథాలయోద్యమ సారథి అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి దండ వేయండి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందనీ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసిందనీ, 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారనీ చెప్పండి. ఆనాటి ఉద్యమం చందాలతో, చేతి కష్టంతో నడిచిందని కన్నీళ్లు పెట్టించండి. ఆ ఉద్యమం అక్కడితో ఆగలేదన్నది ఎవరూ గమనించకుండా చూసుకోవాలి. మద్రాసులో 1948లో, హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చట్టాలు వచ్చి, దానంగా నడిచినది పన్నుతో నడపాల్సిన బాధ్యత అయింది. దండ వేసినవాళ్లు ఈ మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే ఆ సాయంత్రమే మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరతారు.

ఇక మీ సొంత లెక్కలు. సొసైటీల చట్టం మీ సంఘానికీ వర్తిస్తుంది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఆడిట్ అయిన లెక్కలు చూపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. మున్సిపాలిటీని లెక్కలు అడిగే సంఘం తనవి ముందు చూపించాలని ఏ చాదస్తపు సభ్యుడో లేచి నిలబడతాడు. మైకు తీసుకుని, భోజనాలు వడ్డిస్తున్నారని ప్రకటించండి.