సీపాప్ ప్రెషర్ గురించి వినకూడని అయిదు సలహాలు

చెన్నై తొండియార్‌పేటలో ఒకింటికి సీపాప్ మెషిన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచేది) వచ్చిందంటే వీధిలో తలా ఒక సలహా ఇస్తారు. అందరిదీ మంచి మనసే. కానీ నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకు ఈ కింది సలహాలు హాని చేస్తాయి.

1. "మా బావగారికి పన్నెండు పెట్టారు, మీరూ అంతే పెట్టుకోండి."
ప్రెషర్ కళ్లద్దాల పవర్ లాంటిది, ఒకరిది మరొకరికి సరిపోదు. మెషిన్లు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా ఇస్తాయి. అందులో మీ అంకె ఏదన్నది మీ గొంతు నిర్మాణం, బరువు, పడుకునే తీరు తేలుస్తాయి.

2. "ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది."
కాదు. ఎక్కువైతే మాస్కు పక్కల నుంచి గాలి పోతుంది, నోరు ఎండిపోతుంది, కడుపు ఉబ్బుతుంది. కొందరికి గొంతు తెరిచే ఉన్నా మెదడు నుంచి ఊపిరి తీయమనే సంకేతం రాక శ్వాస ఆగుతుంది. గొంతు మూసుకోకుండా ఆపగలిగినంత ప్రెషర్ చాలు.

3. "గురక పోయిందిగా, ఇదే సరైన ప్రెషర్."
గురక పోయినా ఊపిరి ఆగుతూనే ఉండవచ్చు. స్లీప్ ల్యాబ్‌లో సాధారణంగా 4తో మొదలుపెట్టి, కనీసం అయిదు నిమిషాలు గమనించి కొంచెం కొంచెంగా పెంచుతారు. ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 5 సార్లలోపుకు రావాలి. అదీ వెల్లకిలా పడుకుని, కలలొచ్చే నిద్రలో ఉన్నప్పుడు కూడా. చాలామందికి గొంతు ఎక్కువగా మూసుకునేది అప్పుడే.

4. "ఆటో మెషిన్ కొన్నాక డాక్టర్ ఎందుకు?"
ఆటో మెషిన్ ప్రెషర్ తనే మార్చుకుంటుంది, నిజమే. కానీ మాస్కు లీకైతే దాని లెక్క తప్పుతుంది. కొన్ని రాత్రుల రికార్డు డాక్టర్ చూసి ప్రెషర్ హద్దులు బిగించాలి. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఆటో మెషిన్ ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు.

5. "ఒకసారి పెట్టాక ఇక మార్చక్కర్లేదు."
బరువు బాగా పెరిగినా, తగ్గినా, పగటి మత్తు తిరిగొచ్చినా మళ్లీ చూపించుకోవాలి. మద్యం గొంతు కండరాలను వదులు చేస్తుంది. తాగిన రాత్రి పాత ప్రెషర్ చాలకపోవచ్చు.

మనకు స్టాన్లీ ఆసుపత్రి దగ్గరే. 2021 ఫిబ్రవరి నుంచి మెట్రో ఉంది కనుక సెంట్రల్ స్టేషన్ ఎదుటి జనరల్ ఆసుపత్రికి వెళ్లడమూ సులువే. ఊపిరితిత్తుల విభాగంలోనో, చెవి ముక్కు గొంతు విభాగంలోనో స్లీప్ స్టడీ గురించి అడగండి. నిద్రలో మీ ఊపిరి ఆగడం ఇంట్లో ఎవరైనా చూసి ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.

హార్బర్‌కు కంటైనర్ లారీలు నడిపే అన్నలకు ఒక్క విన్నపం. పగలు మత్తు వస్తుంటే, ప్రెషర్ కుదిరి ఆ మత్తు పోయేదాకా స్టీరింగ్ పట్టకండి.