ముక్కు కింద బొడిపె

"సార్, దీని మూతి కింద ఈ బొడిపె దేనికి సార్?" అని అడిగాడు మొన్న కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ పిల్లాడు. ఆర్మరర్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "అది ముక్కుపుడక పెట్టుకునే చోటురా అబ్బీ" అని తన పనిలో పడ్డాడు. పిల్లాడు నిజమే అనుకున్నట్టున్నాడు, ఇంకేమీ అడగలేదు. నాకే మనసు ఊరుకోలేదు.

నన్ను త్రీ నాట్ త్రీ అంటారు. ఈ జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకుల గదికి ఇప్పటికీ 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అనే పేరు. అందులో మా వరసంతా ట్రిగ్గర్ గార్డుల్లోంచి ఒకే గొలుసు దూర్చి, ఒకే తాళం వేసి నిలబెడతారు. పుట్టింది కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డున, ఇషాపూర్ ఫ్యాక్టరీలో. నా నడుం మీద ఒక కిరీటం, దాని కింద రాజుగారి పొడి అక్షరాలు, 1942, చివర ఒక నక్షత్రం చెక్కి ఉంటాయి. నక్షత్రమంటే పతకం లాంటిదని మురిసిపోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల్లో తుపాకులు కావలసి వచ్చి, పని తగ్గించడానికి మా ఒంటి మీది సరంజామా కొంత ఊడబెరికారు. మ్యాగజైన్‌ను అడ్డుకునే రేకు పోయింది. రెండు వేల గజాలు దాటి గుంపు మీద కాల్చడానికి పక్కన ఉండే గడియారం ముల్లు లాంటి గురి పోయింది. బట్టు మీది ఇత్తడి బిళ్ల పోయింది. అలా ఊడిన నగలకు లెక్కే ఆ నక్షత్రం.

ఊడగొట్టనిది ముక్కు. గొట్టం చివర తొడిగిన ఇనప టోపీ అది. దాని కింద ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి బొడిపె, ఇంకాస్త వెనక ఒక పట్టాలాంటి దిమ్మ ఉంటాయి. బాయ్‌నెట్ పిడికి ముందువైపు అడ్డపట్టీ, ఆ పట్టీకి ఒక ఉంగరం. ఉంగరం బొడిపె మీదికి ఎక్కుతుంది, పిడి వెనకనున్న గాడి దిమ్మ మీదికి జారుతుంది, లోపల స్ప్రింగుతో ఉన్న కొక్కెం 'టక్' మంటుంది. ఇందులో నాకు నచ్చేది ఒకటే. ఇంత జరిగినా కత్తి నా గొట్టాన్ని ముట్టుకోదు. పాతకాలపు తుపాకులకు ఆ ఉంగరాన్ని నేరుగా గొట్టానికే తొడిగేవారు. పేలినప్పుడు గొట్టం వీణ తీగలా వణుకుతుంది, దాని మెడకో కత్తి వేలాడదీస్తే శ్రుతి తప్పక ఏం చేస్తుంది? నాకు టోపీ మోస్తుంది కాబట్టి కొంత నయం. కొంతే. కత్తి ఎక్కిస్తే నా గుండు పడే చోటు కూడా కాస్త జరుగుతుంది. నిఖార్సైన షూటర్ ఆ తేడా కనిపెట్టి గురి సర్దుకుంటాడు. మిగతావాళ్లు నన్ను తిడతారు.

మా ముత్తాతల కథ ఇంతకంటే అధ్వాన్నం. అప్పట్లో కత్తి పిడిని బిరడాలా గొట్టం నోట్లోనే కుక్కేవారట. కుక్కాక తుపాకీ పేలదు, పేలాలంటే పీకాలి. 1689లో స్కాట్లాండులోని కిల్లీక్రాంకీ దగ్గర సైనికులు ఒకసారి కాల్చి, ఆ బిరడాలు దిగగొట్టుకుంటూ ఉండగానే కొండమీది హైలాండర్లు కత్తులు దూసి వాళ్ల మీద పడ్డారు. నోరు మూసుకుని చచ్చిపోవడం అంటే అదే. ఆ తర్వాతనే గొట్టాన్ని మూయకుండా పక్కన కత్తి నిలబెట్టే ఉపాయాలు ఊపందుకున్నాయి.

నా బాయ్‌నెట్ పొడవుగా ఉండటానికి కారణం నా పొట్టితనం. రెండున్నర మూరలకు అర అంగుళం తక్కువ ఉంటాను. గుర్రపు సవారుకీ కాల్బలానికీ ఒకే తుపాకీ చాలునని మా జాతిని 1903లో కురచ చేశారు. దాంతో, ఎదుటివాడి పొడుగు తుపాకీ ముందు మనవాడికి కత్తి అందదేమోనని దిగులు పట్టుకుంది. అందుకని 1907లో పదిహేడు అంగుళాల బ్లేడు ఇచ్చారు. ఆ నమూనా ఎక్కడిదో తెలుసా? జపాన్‌ వాళ్ల అరిసాకా తుపాకీ కత్తిది. శత్రువు కత్తిని తగులుకోవడానికని అడ్డపట్టీకి పెట్టిన కొక్కెంతో సహా దించేశారు. కొక్కెం పనికిరాదని 1913లో తీసేశారు కానీ మిగతాది అలాగే ఉంచారు.

ఇక విధి చూడండి, నన్ను పంపింది బర్మా సరిహద్దుకి, ఆ జపాన్ వాళ్ల మీదికే. నన్ను మోసినవాడు మద్రాస్ రెజిమెంటు సిపాయి, మన శ్రీకాకుళం వైపువాడు. "మా అయ్య ఓడెక్కి రంగం ఎల్లినాడు, నాను నడిసి ఎల్తన్నాను" అని రాత్రిపూట పక్కవాడితో అనేవాడు. రంగం అంటే రంగూనే. అతను నాకు మొదటి కత్తి పెట్టినప్పుడు అది పదిహేడు అంగుళాలది. అడవిలో ప్రతి తీగకూ చుట్టుకునేది. వెదురు పొదలో నన్ను అడ్డంగా తిప్పబోతే ఇరుక్కునేది. తర్వాత ఇచ్చింది పన్నెండు అంగుళాలది, ఈ దేశంలోనే కురచ చేసింది. ఎంతమందిని పొడిచిందని అడగకండి, అది నా నోట చెప్పించకండి. నేను కళ్లారా చూసిన పనులు మాత్రం చెబుతాను. పాల డబ్బాలు తెరిచింది, వెదురు చీల్చింది, నేలలో గుచ్చితే మీద లాంతరు వేలాడింది.

ఆ సిపాయి నా కడుపు కంటే బట్టునే శ్రద్ధగా చూసుకున్నాడు. బట్టు వెనక ఇత్తడి తలుపు ఉంటుంది, లోపల చిన్న నూనె బుడ్డీ, పుల్‌త్రూ తాడు. తాడు చివర చిందీగుడ్డ దూర్చి గొట్టంలోంచి లాగితే వర్షంలో నానిన ప్రాణం లేచొచ్చేది. నన్నడిగితే ఒంటికి తగిలించిన వస్తువులన్నిటిలో ఆ బుడ్డీకి సాటి వచ్చేది లేదు. పెద్దరికమంతా బాయ్‌నెట్‌కి, చాకిరీ అంతా బుడ్డీది.

మా వరసలో చివర నిలబడే అక్కకు ఒళ్లంతా రాగితీగ చుట్టి ఉంటుంది, పత్యం తింటున్న బాలింతరాలిలా. జి.ఎఫ్. రైఫిల్ అంటారు. ఆమె ముక్కుకి కత్తి బదులు ఒక ఇనప గ్లాసు బిగించి, అందులో గ్రెనేడు పెట్టి, గుండు లేని తూటాతో ఎగరేస్తారు. ఆ దెబ్బకు కొయ్య పగలకుండా రాగితీగ. ఇంకో చెల్లెలి గతి వేరు, గొట్టం లోపల తొలిచి ఫోర్ టెన్ మస్కెట్ చేసేశారు. ఒకసారికి ఒకే తూటా. పది తూటాల ఇంట పుట్టి ఆ బతుకు.

1962 చైనా యుద్ధంలో మంచుకొండల మీద మావాళ్లు ఆటోమేటిక్ తుపాకులకు ఎదురు నిలిచి, బోల్టు లాగి లాగి కాల్చారు. తర్వాత సైన్యానికి ఎస్.ఎల్.ఆర్.లు వచ్చాయి, మేం పోలీసులకు వచ్చాం. ట్రెజరీ గేటు దగ్గర సెంట్రీ భుజాన ఏళ్ల తరబడి నిలబడ్డాను.

ఒక గాయం మాత్రం శత్రువుది కాదు. ఎవరో సహాయకుడు, పేరెందుకు, బట్టు వదులైందని వెనకనుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి బోల్టు తిప్పాడు. నా సంగతి తెలిసినవాడు ముందు కొయ్య విప్పకుండా బట్టు జోలికి పోడు. ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి ముందుకొయ్యలో ఇమిడి ఉంటుంది. బోల్టు తిరిగితే కొయ్య చీలుతుంది. చీలింది. ఇప్పటి ఆర్మరర్ దానికి ఇత్తడి మేకు అడ్డంగా వేసి అతికాడు. ముక్కుటోపీ మళ్లీ బిగించేటప్పుడు స్క్రూ చివరి అరచుట్టు దగ్గర ఊపిరి బిగబట్టి, చెవి ఆనించి తిప్పాడు. అంత నెమ్మదిగా నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

ఈ మధ్య బయటికి తీసేది ప్రభుత్వ లాంఛనాలతో ఎవరినైనా సాగనంపేటప్పుడే. శోక్ శస్త్ర అనగానే నా మూతి నేలచూపు చూస్తుంది, తర్వాత గాల్లోకి మూడు రౌండ్లు. ఉత్త తూటాలే.

నిన్న ఆర్మరర్‌కి ఏమనిపించిందో, పెట్టె అడుగునుంచి ఒక పాత బాయ్‌నెట్ తీసి పిల్లాడి చేతికిచ్చాడు. "ముక్కుపుడక అన్నానుగా, పెట్టు చూద్దాం." ఒరలోంచి రాక రాక వచ్చింది. పిడి మీది నంబరు నాది కాదు, ఎవరిదో. పిల్లాడు ఉంగరం బొడిపెకి చూపించాడు, గాడి దిమ్మకి చూపించాడు, తోశాడు. టక్.

"అబ్బ" అన్నాడు వాడు.

"చాల్లే, బొత్తాం నొక్కి తీసెయ్."

బొత్తాం కదల్లేదు. ఎన్నేళ్ల నాటి గ్రీజో గట్టిపడి రాయి అయింది. ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. బట్టు తలుపు తీసి చూస్తే బుడ్డీ ఖాళీ. ఆర్మరర్ తన డబ్బాలోంచి నాలుగు చుక్కలు వేసి, "నాననీ, పొద్దున చూద్దాం" అన్నాడు. గొలుసు దూర్చి, తాళం వేసి, లైటు ఆర్పేశారు.

ఈ రాత్రికి వరసలో నేనొక్కదాన్నే అందరికంటే అడుగు ఎత్తు.