కామిక్ కాన్ కార్యక్రమసూత్రమునకు పట్టిసాచలవ్యాఖ్య

అవతారిక.

గోదావరీమధ్యమున దేవకూటాద్రిపై వెలసిన పట్టిసీమ వీరభద్రస్వామికి మ్రొక్కి, 2011లో ఢిల్లీయందు పుట్టి 2013లో భాగ్యనగరమునకు విచ్చేసిన కామిక్ కాన్ అను ఉత్సవముయొక్క కార్యక్రమపత్రమును వ్యాఖ్యానింప బూనితిమి. అట్టపుస్తకముల బొమ్మలకును, గ్రహాంతరవాసులకును, రెక్కలగుఱ్ఱములకును ఇంత వ్యాఖ్య యేల యని యడుగువారికి మా ప్రత్యుత్తర మొక్కటియే: వ్యాఖ్యలేని గ్రంథము మన దేశమున గ్రంథముగా నెన్నడును పరిగణింపబడలేదు. మెదకుసీమ వాడైన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ప్రతిన బూనెను. ఆ ప్రతినలో మొదటి సగము మాకును సమ్మతము.

మూలము.

ప్యానెల్, ప్రశ్న, వేషము, సంతకము, బేరము, తిరిగి క్యూ.

(పత్రము మిక్కిలి దీర్ఘమగుటచే ఇట్లు సూత్రప్రాయముగా కుదించితిమి.)

ప్రతిపదార్థము.

ప్యానెల్ = బల్లవెనుక వరుసగా కూర్చుండి, మైకు పలుకుచున్నదా యని తట్టి చూచి, లేని లోకములగూర్చి ఉన్నలోకముకంటె నిశ్చయముగా భాషించు నలుగురైదుగురు; ప్రశ్న = సభలో లేచినవాడు ప్రశ్నయని ఆరంభించి స్వాభిప్రాయముగా ముగించునది; వేషము = అట్టముక్కలును, ఫోమ్ షీటును, జిగురును, అమ్మ పాతచీరయు కలిసి దివ్యకవచముగా పరిణమించుట; సంతకము = కర్త చేతివ్రాత; బేరము = మూరెడు బొమ్మకు చెప్పిన ధర విని మొదట నవ్వి, పిమ్మట కొనుట; క్యూ = వ్యాఖ్యానాపేక్ష లేనిది.

తాత్పర్యము.

ఉదయముననే పోయినవాడు సాయంకాలమున జేబు తేలికయై, సంచి బరువై వచ్చునని భావము.

విశేషములు.

ప్యానెల్ అను పదమునొద్ద కొంత నిలువవలసియున్నది. 2023 జూలై 20వ తేదీన అమెరికాలోని శాన్ డియాగో నగరమున, 1970నుండి జరుగుచున్న కామిక్ కాన్‌లో, మన తెలుగు చిత్ర మొకదాని ప్యానెల్ జరిగెను. ఆ నెల 14వ తేదీనుండి హాలీవుడ్ నటులు సమ్మెకట్టి వేదికలకు దూరముగా నుండుటచే ఆ యేడు సభ తారలు లేని ఆకాశమువలె నుండగా, మొగల్తూరువారి బిడ్డ ప్రభాసును, కమలహాసనును, దర్శకుడు నాగ్ అశ్వినును అచ్చట ప్రకాశించిరి. ‘ప్రాజెక్ట్ కె’ అని అంతవరకు ముసుగులోనున్న చిత్రము ‘కల్కి 2898 ఏడీ’ యని వెల్లడియైనది ఆ సందర్భముననే. ఈ సంఖ్యకు దర్శకుడు తరువాత ఇచ్చిన వివరణ యేమనగా, శ్రీకృష్ణావతార సమాప్తి యనబడు క్రీస్తుపూర్వము 3102కును ఈ 2898కిని నడుమ ఆరువేల యేండ్లని.

ఇచట పూర్వపక్షి లేచుచున్నాడు. క్రీస్తుపూర్వము ఒకటవ సంవత్సరము ముగియగానే క్రీస్తుశకము ఒకటవ సంవత్సరమే వచ్చును. నడుమ సున్నా సంవత్సరము లేదు. కావున రెంటిని కూడి ఒకటి తీసివేయగా 5999 మాత్రమే తేలును. ఆర్యభటుడు తనకు 23 యేండ్లు నిండునప్పటికి కలియుగమున 3600 యేండ్లు గడచెనని చెప్పుకొనెను. అది క్రీస్తుశకము 499. దానికి 2400 చేర్చిన 2899 కదా రావలెను! ఒక్క యేడు ఏ గ్రహమునకు పోయినది?

సిద్ధాంతి సమాధానము. మన పంచాంగములలో గతవత్సరములని, వర్తమానవత్సరములని గణనము రెండువిధములు. 2898 ఉగాదినాటికి కలియందు గతించినవి 5999. నాడు ప్రవేశించునది ఆరువేలవది. కావున దర్శకుడు వర్తమానగణనము ననుసరించెనని గ్రహించినచో దోషము లేదు. ఆయన ఇంత యోచించెనా యని శంకింపరాదు. కవి యోచింపనిదానిని సయితము కవిహృదయముగా నిరూపించుటకే వ్యాఖ్యాతకు జీతము. కాన్‌లో మైకు పుచ్చుకొని, నాలుగవ భాగమున విరిగిన మంత్రదండము ఆరవ భాగమున ఎట్లు అతుకుకొన్నదని రచయితను నిలదీయు పదునెనిమిదేండ్ల బాలుడు ఈ విద్యలో మాకు సతీర్థ్యుడు. లేని లోకమైనను లెక్క తప్పరాదను పట్టుదల వానిది. వానిని పిచ్చివాడని తండ్రి విసుగుకొనును. తండ్రి మల్లినాథుని చదువలేదు.

ఇక వేషము, అనగా కాస్ప్లే. 1939లో న్యూయార్కున జరిగిన మొదటి ప్రపంచ విజ్ఞానకల్పనా సమ్మేళనమునకు ఫారెస్ట్ ఆకర్మన్ అనువాడు భావియుగపు దుస్తులు ధరించి పోయెననియు, ఆ దుస్తులను కుట్టినది వెంటవచ్చిన మొరోజో యనియు ఆ మతమువారి చరిత్ర. వేసినవాని పేరు నలుదెసల వ్యాపించి, కుట్టినదాని పేరు కొలదిమందికే తెలియుట సీమలు మారినను మారని ధర్మమై యున్నది. మా పట్టిసీమ స్థలపురాణమున, దక్షయజ్ఞము ధ్వంసించి దక్షుని శిరస్సు ఖండించిన పట్టిసమను ఆయుధమును వీరభద్రుడు గోదావరియందు కడిగెనని చెప్పుదురు. పిమ్మట దక్షునికి మేకతల అమర్చిరి. దీనిని ఆదికాస్ప్లే యని యొకడు వాదించెను గాని అది యంగీకార్యము కాదు. ఇంటికి పోయిన తరువాత తీసివేయుటకు వీలైనదే కాస్ప్లే. మఱియు కాన్ ద్వారమున ఆయుధపరీక్ష కలదు. ఫోమ్ కత్తి చెల్లును, ఉక్కు కత్తి చెల్లదు. వీరభద్రుని అసలు పట్టిసమునకు అచట ప్రవేశము దొరకదు. 1951నాటి ‘పాతాళభైరవి’లోని ఎస్వీ రంగారావు మాంత్రికవేషమునకు మాత్రము గడ్డమొకటి, దండమొకటి చాలును, అది వేసినవానికి ముందుగా బహుమానమీయవలెనని మా మనవి.

సంతకమునొద్ద వ్యాఖ్యాత కలము మందగించుచున్నది. అభిమాని పుస్తకము చేతబట్టుకొని, కర్తయెదుట నిలిచి, తన పేరులోని అక్షరములు ఒకటొకటిగా చెప్పి వ్రాయించుకొనును. తెలుగు బాలురకు రాక్షసులను, మాంత్రికులను, అరణ్యములను నెలనెల పంచిపెట్టినది 1947లో ఆరంభమైన చందమామ. అందు ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి సీరియళ్లు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యముగారి పేరు ఆ కథలకు వేయబడలేదు. తరువాయి భాగమునకై తపాలావాని దారికాచిన బాలునికి, తాను ఎవనికొఱకు దారికాచుచున్నాడో తెలియదు. ఆయన 2010లో కాలముచేసిరి. భాగ్యనగరమున కాన్ మొదలగుట 2013లో. ఆయనకు వేయవలసిన బల్ల, నిలువవలసిన వరుస ఎంత పొడవుగా నుండెడిదో పాఠకులు ఊహించుకొనవచ్చును.

బేరమునుగూర్చి చెప్పవలసినది స్వల్పము. అమరచిత్రకథ కొన్నవాడు పిల్లలకని చెప్పి తానే చదువును; బొమ్మ కొన్నవాడు డబ్బా విప్పడు, విప్పిన విలువ తగ్గునట.

తిరిగి క్యూ. ఇచట పాఠభేదము కలదు. కొన్ని ప్రతులలో ‘తినుట’ యని యున్నది గాని, తినుటకు గూడ క్యూయే సాధనమగుటచే ఆ పాఠము అధికపదదోషదుష్టము. ‘తిరిగి’ యనగా మరల యని కొందఱు, సభాస్థలమంతయు నడచి యని కొందఱు. శివరాత్రితీర్థమున పట్టిసీమ రేవున లాంచీకై నిలిచినవారెవ్వరును ఈ వివాదమున పాల్గొనలేదు; వారు అదివఱకే రెండర్థములును అనుభవించి యుండిరి.