తెల్లవారితే గురువారం

మా మేనకోడలి పెళ్ళి బుధవారం జరిగిందా, గురువారం జరిగిందా? ఈ ప్రశ్నకి అమెరికా ప్రభుత్వానికి సంజాయిషీ రాసే పని నా నెత్తిన పడింది.

శుభలేఖలో మేం స్పష్టంగానే వేయించాం: 'మాఘ మాసం, బుధవారం రాత్రి 2-38 ని.లకు (తెల్లవారితే గురువారం)'. ఈ మాట చదివి తికమకపడిన తెలుగువాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. పొద్దు పొడిచేదాకా మనకి వారం మారదు. పంతులుగారు బుధవారమన్నారు, రిజిస్ట్రార్ ఆఫీసులో గుమస్తా శుభలేఖ చూసి బుధవారం తేదీయే ఎక్కించాడు. పిల్ల డాలస్‌లో పెరిగింది, అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే రోజు మారిపోతుందని నమ్మే జాతి. మొగుణ్ణి తన దగ్గరికి తెచ్చుకోవడానికి నింపే ఐ-130 అనే దరఖాస్తులో గురువారం తేదీ కొట్టింది.

కొన్నాళ్ళకి తాఖీదు వచ్చింది. దరఖాస్తులో ఒక తేదీ, ధ్రువపత్రంలో ఇంకో తేదీ, వివరణ పంపండి అని. తమాషా ఏమిటంటే, ఇక్కడ తాళి కట్టే వేళకి డాలస్‌లో బుధవారం మధ్యాహ్నం మూడు దాటిందంతే. పంతులుగారి లెక్కకీ బుధవారమే, అమెరికా లెక్కకీ బుధవారమే. అమెరికా పౌరురాలు మా పిల్ల ఒక్కతే గురువారం పెళ్ళాడింది.

నాకెందుకీ బెడద అంటారా? "బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చింది నువ్వేగదరా, ఇదీ మొయ్యి" అంది మా అక్క. అక్కడి కాగితాలు పిల్ల చూసుకుంటుంది, ఇక్కడివి మేనమామ. శాస్త్రంలో ఉండే ఉంటుంది.

ఇక్కడివి అంటే ఏమిటో కాస్త చెప్పాలి. పెళ్ళికొడుకు జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు లేదు, 'మగ' అని ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరుంది కాని అది హెడ్మాస్టరుగారి స్పెల్లింగు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. నలుగురూ ఒకడేనని నలుగురి చేత అఫిడవిట్లు రాయించాను. పోలీసు క్లియరెన్సు సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం.

అసలు పరీక్ష శుభలేఖతో వచ్చింది. పెళ్ళి నిజమేనని చూపడానికి దాన్నీ జతచేద్దామంది పిల్ల. జతచేస్తే అక్కడి నిబంధన ప్రకారం ప్రతి అక్షరమూ ఇంగ్లిషులోకి తర్జుమా కావాలి. 'చి.ల.సౌ.' దగ్గరే బండి ఆగిపోయింది. పాస్‌పోర్టులో లేని మూడు పొడి అక్షరాలు అమ్మాయి పేరు ముందెందుకున్నాయని అధికారి అడిగితే? చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి అని విడమరిస్తే పెళ్ళికూతుళ్ళు ముగ్గురనుకోడూ? ఆపైన 'మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి'. ఉన్నదున్నట్టు రాస్తే, ఫైలు చదివే అధికారికి గంధం, తమలపాకులు, ఇంకా 'మొదలైనవి' ముట్టజెబుతామన్నట్టుంది. ఆ 'మొదలైనవి' చూసే సందేహం వస్తుంది ఎవరికైనా. చివర, నాకు రెండు భాషలూ బాగా వచ్చునని, తర్జుమా సరిగ్గా ఉందని నేను సంతకం పెట్టాలి. ఇంగ్లిషు సంగతి సరే, తెలుగు వచ్చునని పెట్టడానికే చెయ్యి వణికింది. 'మదర్పిత' అంటే మదరూ పితా కలిసి పిలుస్తున్నారని నలభై ఏళ్ళు అనుకున్నవాణ్ణి నేను.

కాగితాల కోసం చేసుకున్న పెళ్ళి కాదని రుజువు చెయ్యాలి, అదీ షరతు. దానికి మాకిప్పటికి రెండు వందల కాగితాలయ్యాయి. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఉమ్మడి అద్దె ఒప్పందం ఉంటే మంచిదట. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసున్నది పిల్ల సెలవులో మిగిలిన పందొమ్మిది రోజులు. అందులో నాలుగు తిరుపతికి, అన్నవరానికి పోయాయి. ఇక ఫొటోలు పద్నాలుగు వందలున్నాయి కదా అని చూస్తే, తలంబ్రాల దగ్గర ఇద్దరి మొహాలూ బియ్యంలో ఉన్నాయి, జీలకర్ర బెల్లం దగ్గర తెర ఉంది, మిగిలిన వాటిలో మా బావగారి మిత్రులున్నారు. దంపతులిద్దరే ఒకరినొకరు చూసుకుంటున్నవి పెళ్ళికి ముందు సూర్యలంక బీచిలో ఫొటోగ్రాఫరు పరిగెత్తించి తీసినవి. వాటిలో ఒక్కటి కూడా నిజం పెళ్ళిలా లేదు.

రుసుముల గురించి ఫిర్యాదు చెయ్యను. ఆన్‌లైన్‌లో ఐ-130కి 625 డాలర్లు, వీసా సెంటర్‌లో 325, ఇంకో 120. ఆ 120 దేనికంటే, ఐ-864 అనే హామీపత్రం చూసినందుకు. ఈ కాగితానికి మాత్రం నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను. మొగుడి ఖర్చు సర్కారు మీద పడకుండా తానే పోషిస్తానని, అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపించి, పెళ్ళాం సంతకం పెట్టాలి. అబ్బాయికి పౌరసత్వమైనా రావాలి, నలభై త్రైమాసికాలు, అంటే పదేళ్ళ లెక్క, ఉద్యోగమైనా చెయ్యాలి, దేశమైనా వదిలిపోవాలి, లేదా ఇద్దరిలో ఒకరు కాలం చెయ్యాలి. అంతవరకు ఆ సంతకం చెల్లుతుంది. విడాకులు ఆ జాబితాలో లేవు. మూడు ముళ్ళు కోర్టుకెళ్ళి విప్పుకోవచ్చు, ఈ ముడి విప్పే కోర్టు లేదు. నిశ్చితార్థంనాడు 'లాంఛనాలు మీ ఇష్టం' అని నవ్వుతూ మూడుసార్లు గుర్తుచేసిన అబ్బాయి తండ్రి, ఇప్పుడు కోడలి ఆదాయపు పన్ను కాగితాలు అందాయో లేదోనని పొద్దున్నే నాకు ఫోన్ చేస్తున్నాడు.

తర్వాత డీఎస్-260 అనే వీసా దరఖాస్తు. నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా అని అందులో ఒక ప్రశ్న. కాదని కొట్టాడు అబ్బాయి, నిజం కూడా అదే, మ్యూచువల్ ఫండ్లు అమ్ముకుంటాడు. కాని వాళ్ళ తాతగారు పెట్టిన పేరు చివర 'స్టాలిన్' అని ఉంది. మా వైపు ఈ పేరు వీధికొకడికి ఉంటుందని ఎవరికి చెప్పుకోను? ఇంకోచోట, బహుభార్యత్వం కోసం వస్తున్నావా అని అడిగారు. "మావయ్యగారూ, ఒక్కావిడ దగ్గరికి చేరడానికే ఏడాదిన్నరైనా కుదర్లేదు" అన్నాడు పాపం.

ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. వాళ్ళు 1986 నాటి అమెరికా చట్టం చదవలేదు. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా అడుగుపెడితే ఇచ్చే గ్రీన్ కార్డు రెండేళ్ళకే, అదీ షరతుల మీద. గడువు తీరబోయే తొంభై రోజుల్లో ఆలుమగలిద్దరూ కలిసి, ఇంకా ఆలుమగలమేనని మళ్ళీ రుజువులతో అర్జీ పెట్టుకోవాలి. రెండేళ్ళు నిండాక వెళ్తే పదేళ్ళ కార్డు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా అక్క, ముంబైలో జరిగే వీసా ఇంటర్వ్యూ మాఘమాసం దాటాకే రావాలని సత్యనారాయణస్వామికి మొక్కుకుంది. త్వరగా రావాలని మొక్కిన పాత మొక్కు తీర్చాలా వద్దా అన్నది వేరే చర్చ.

మొన్న ఆదివారం అబ్బాయిని మా హాల్లో కూర్చోబెట్టి, నేనే అధికారినై ఇంటర్వ్యూ చేశాను. భార్య పుట్టినరోజు? చెప్పాడు. ఆమె కంపెనీ, మేనేజరు పేరు, కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు? తడుముకోలేదు. మెచ్చుకోబోతుంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమండీ, నా పుట్టినరోజు ఎప్పుడో?"

వినాయక చవితికి అటూ ఇటూ అన్నాను.

"నా కాఫీలో పంచదార ఎంత?"

ఆవిడ కాఫీ తాగదని అప్పుడు అబ్బాయి చెప్పాడు.

ముప్ఫై మూడేళ్ళ సంసారానికి రుజువులు వెతుకుదామని కూర్చున్నాం. మా పెళ్ళి రిజిస్టరు కాలేదు. బ్యాంకు ఖాతాలు ఎవరివి వాళ్ళవి. ఆల్బంలో తాళి కట్టే ఫొటోలో నా చేతులున్నాయి, తల కోసేశారు. చివరికి ఆవిడే బీరువా తెరిచి రేషన్ కార్డు తెచ్చింది. ఇద్దరం ఉన్నాం. కుటుంబ యజమాని ఆవిడ. నా పేరు కింది వరుసలో ఉంది, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, బంధుత్వం దగ్గర 'కుమారుడు'.