గాలం లేని జాలరి

మా బావగారిది ఆకివీడు దగ్గర పల్లె. వాళ్ళ నాన్నగారికి చేపల చెరువులున్నాయి. పట్టుబడి నాడు గట్టు మీదికి రమ్మంటే మా బావగారు ముక్కుకి రుమాలు కట్టుకుని, పుస్తకం పుచ్చుకుని మేడెక్కేసేవారట. నీచువాసన పడక అలా చదివీ చదివీ లండన్ దాకా వెళ్ళిపోయారు. ఇప్పుడక్కడ జాలరి కోటు తొడుక్కుని తిరుగుతున్నారు.

లండన్‌లో ఇదో జాతి. శనివారం పొద్దున్న కాఫీ కొట్ల ముందు కనిపిస్తుంది. ముదురాకుపచ్చ మైనపు కోటు, నెత్తిన ట్వీడు టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఇప్పుడే స్కాట్లాండ్ ఏట్లోంచి సాల్మన్ చేపని లాగి వచ్చినట్టుంటారు. చేతిలో మాత్రం కాఫీ కప్పు.

ఈ కోటు పుట్టింది పడవలవాళ్ళ కోసం. ఇంగ్లండ్ ఈశాన్యాన సౌత్ షీల్డ్స్ రేవులో 1894లో జాన్ బార్బర్ అనే ఆయన కొట్టు పెట్టి, నావికులకీ జాలర్లకీ నీళ్ళకి తడవని బట్టలు అమ్మాడు. పోనుపోను మైనపు కోటు పల్లెటూరి జమీందార్ల ఒంటి మీదికెక్కింది. ఎలిజబెత్ రాణిగారూ తొడుక్కున్నారు. 1982లో లండన్ షోకు పిల్లల్ని వెక్కిరిస్తూ ‘అఫీషియల్ స్లోన్ రేంజర్ హ్యాండ్‌బుక్’ అని పుస్తకం వచ్చేనాటికి పట్నంలో అదే యూనిఫారం. స్పే అని ఇంకో రకముంది. స్పే నదిలో నడుంలోతు దిగి గాలం వేసేవాళ్ళకి అంచు తడవకుండా పొట్టిగా కుట్టారు. బస్సుకోసం నిలబడేవాళ్ళకి ఆ పొట్టితనమే ఫ్యాషన్.

మనమేం తక్కువ తినలేదు. పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ వేసుకునే ఆ బోలెడు జేబుల చొక్కా ఎక్కడిదనుకున్నారు? 1930లలో లీ వుల్ఫ్ అనే అమెరికా గాలగాడు ఎరలు పెట్టుకోవడానికి చేతుల్లేని కోటుకి జేబులు కుట్టుకున్నాడు. ఇప్పుడు వాటిలో మెమరీ కార్డులుంటున్నాయి.

బావగారి దగ్గరికొద్దాం. కోటు కొన్న మర్నాటినుంచీ ఆయనకి ఒకటే దిగులు, కొత్తగా ఉందని! అసలైన దొర కోటు తాతలనాటిదై ఉండాలట, మోచేతుల దగ్గర మాసికలుండాలట. రెండు వారాలు దాన్ని పెరటి గోడకేసి రుద్దారు. చిరగని చోట మాసిక వేయించారు. చిన్నప్పుడు మాసిక నిక్కరు వేసుకోనని బడి మానేసిన మనిషి! వల తగిలించుకోమని కోటుకి ఇచ్చిన ఇత్తడి రింగుకి ఇంటి తాళాలు తగిలించారు. ఏడాదికోసారి మైనం డబ్బాని వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించి, స్పాంజితో కోటుకి పట్టించి, మా అక్క హెయిర్ డ్రయ్యర్‌తో ఇంకిస్తారు. ఆ వారం ఇడ్లీలూ మైనం వాసనే.

ఇంతా చేసి గాలం ముట్టరు. ఇంగ్లండ్‌లో పదమూడేళ్ళు నిండినవాడెవడైనా ఏట్లో గాలం వేయాలంటే లైసెన్సుండాలి. వేషానికి అక్కర్లేదు.

మొన్న వేసవిలో మావయ్యగారు లండన్ వెళ్ళారు. కొడుకు కోటుని వేళ్ళతో నలిపి చూసి, “ఏంట్రా ఇది?” అన్నారు.

“బార్బర్ కోటు నాన్నా.”

“క్షవరానికి కూచున్నప్పుడు మెడకి చుడతారే, అదా?”

బావగారు ఓపిగ్గా అన్నీ చూపించారు. వీపు మీద అడ్డంగా పెద్ద జేబు. వేటాడిన పిట్టల్ని వేసుకునేదట. నెత్తురు బయటికి కారకుండా లోపల తడవని అస్తరు. మావయ్యగారు చెయ్యి మోచేతిదాకా లోపలికి పోనిచ్చి, “బావుందిరా,” అన్నారు. ఆయన కొడుకు బట్టల్ని మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడు తెల్లారగట్ల, చలేస్తోందని ఆ కోటే తగిలించుకుని, పక్కింటి బంగ్లాదేశ్ ఆయనతో కలిసి బిలింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌కి వెళ్ళారు. సంచీ మర్చిపోయారు. ఆరు కానాగంతలు కొని వీపు జేబులో వేసుకొచ్చారు. దారిలో ఒక్క చుక్క కారలేదని మురిసిపోయారు కూడా.

మా అక్క ఫోన్ చేసి నవ్వలేక చస్తోంది. వెనక బావగారు కోటు లోపలి చీటీ పైకి చదువుతున్నారు. మైనపు కోటుని వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. సబ్బు తగలనివ్వకూడదు. చన్నీళ్ళలో ముంచిన స్పాంజితో పైపైన తుడుచుకోవాలి, అంతే.