క్యూ కొట్టనిదే కదలని షెల్లు

(రుషికొండ ఐటీ కొండ కింద టీకొట్టు. ల్యాప్‌టాప్ తెరిచి కాన్ఫిగ్ కుమారు. పక్కన ఉక్కు ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్‌లో చేసి రిటైరైన పెద్దాయన.)

కుమారు: షెల్లును తనకు తగ్గట్టు చెక్కుకోనివాడు ఇంజినీరే కాదు బాబాయ్‌గారూ. నా బాష్‌ఆర్‌సీ 900 లైన్లు! ఏ కమాండు కొట్టినా అవుట్‌పుట్టు జర్రున జారిపోదు. దానంతటదే లెస్‌లోకి పోయి పేజీ పేజీకీ ఆగుతుంది.

పెద్దాయన: ఏ కమాండైనానా?

కుమారు: ఏదైనా!

పెద్దాయన: ఏదీ, ఇవాళ తేదీ ఎంతో అడుగు.

(డేట్ కొట్టాడు. పైన ఒక్క లైను. దాని కింద స్క్రీనంతా టిల్డాలు. అడుగున ‘ఎండ్’.)

పెద్దాయన: బాగుంది. ఇందులోంచి బయటపడేదెలా?

కుమారు: క్యూ కొట్టాలి.

పెద్దాయన: తేదీకి కూడా క్యూయేనా! సింహాచలం చందనోత్సవానికే అనుకున్నాను. సరే, ఇంకో డైరెక్టరీలోకి వెళ్లు.

(సీడీ. మళ్లీ టిల్డాలు. క్యూ. ఎక్కడున్నామో చూద్దామని పీడబ్ల్యూడీ. క్యూ. ఉన్నచోటే ఉన్నాడు.)

పెద్దాయన: గాజువాక పోదామని బస్సెక్కి, రెండు క్యూలు దాటి, మళ్లీ మద్దిలపాలెంలోనే దిగావన్నమాట.

కుమారు: అదేదో చిన్న బగ్గు...

పెద్దాయన: బగ్గేటి బాబూ! లెస్‌లోకి పైపు పెడితే సీడీ సబ్‌షెల్లులో నడుస్తుంది. కదిలింది ఆ సబ్‌షెల్లు. అది పోయింది, దాంతో నీ ప్రయాణమూ పోయింది. ఎల్ఎస్ కూడా కొట్టి చూడు. ఎదురుగా టెర్మినల్ లేదు, పైపుందని దానికి తెలిసిపోతుంది. రంగులు తీసేసి వరసకో పేరు పడేస్తుంది.

కుమారు: దానికి 612వ లైనులో మందు రాశాను.

పెద్దాయన: రోగం ఏ లైనులో రాశావు? ఇలా పేజీ పేజీకీ ఆపే ‘మోర్’ను 1978లో బర్కిలీలో డేనియల్ హాల్బర్ట్ రాశాడు. దాంతో వెనక్కి జరగడం కుదరట్లేదని మార్క్ న్యూడెల్మన్ 1983లో ‘లెస్’ మొదలెట్టాడు. కావలసినప్పుడు పైపు పెట్టుకుంటావనే కదా వాళ్లు రాసింది! పేజర్ అని ఒక వేరియబుల్ ఉంది, మ్యాన్, గిట్ దాన్ని చూసుకుంటాయి. లెస్ అని ఇంకోటుంది. అందులో పెద్ద ఎఫ్, ఆర్, ఎక్స్ పెట్టు. ఒక్క స్క్రీనులో పట్టేదైతే చూపించి తనే తప్పుకుంటుంది, రంగులు ఉంటాయి, చూసినది తెరమీదే మిగులుతుంది. రెండు లైన్లు. తక్కిన 898 ఎవరికోసం?

కుమారు: చూసినవాళ్లు మెచ్చుకుంటారు కదండీ.

పెద్దాయన: అదీ సంగతి. అసలు పదివేల లైన్ల లాగు కూర్చుని చదవడమేటి? ముందు గ్రెప్ కొట్టు. ఏం వెతుకుతున్నావో తెలిసినవాడికి పేజీలతో పనిలేదు. తెలియనివాడు—

కుమారు: ఇంతకీ మీ రోజుల్లో ఏం చేసేవారు?

పెద్దాయన: (ఉపన్యాసం మరిచిపోయి) మా పేజరు లైన్ ప్రింటరు. గోదావరి రిపోర్టు వచ్చేది... నది కాదోయ్, 1990లో వెలిగించిన మా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు. 132 కాలమ్‌లు, విప్పితే గది ఈ చివర నుంచి ఆ చివరకి. వెనక్కి జరగాలంటే మనిషే నడవాలి. పనైపోయాక ఆ కాగితాల వెనక ఉక్కునగరం పిల్లలు లెక్కలు చేసుకునేవారు. నీ 900 లైన్ల వెనక ఎవడైనా ఎక్కమైనా రాసుకోగలడా?

కుమారు: ఆ కాగితం ఎలా ఉండేది?

పెద్దాయన: లేత పచ్చ చారలు, రెండంచులా చిల్లులు. ఎందుకూ?

కుమారు: (అప్పటికే టైపు చేస్తూ) పచ్చ చారలు... 901... చిల్లులు గుండ్రంగానా బాబాయ్‌గారూ, పలకలుగానా?